పిడి

ఈవెనింగ్ బజార్‌లో ఆదిమూలం గారి కొట్టు
తలుపు ఎంత వెడల్పో అంతే.
పప్పుగుత్తులు, తాళాలు, ఎలుకల బోనులు,
వాటి వెనక అద్దాల పెట్టెలో
కునుకు తీస్తున్నట్టు కత్తులు.

"దేనికమ్మా?" అన్నాడు.
నిమ్మకాయలకి అన్నాను.
నా మెడలో ఆసుపత్రి కార్డు చూశాడు,
గోడ గడియారం చూశాడు,
నిమ్మకాయల కత్తి వైపు చెయ్యి పోనివ్వలేదు.

పెద్దది సంచిలో దూరదు.
చిన్నది చేతిలో ఉందో లేదో తెలియదు.
మడిచేది బావుంది, ఎర్ర పిడి,
తెరవడానికి మాత్రం రెండు చేతులు కావాలి.
"ఒక చెయ్యి వాడు పట్టుకుంటే?" అన్నాడాయన,
ధర చెప్పినంత మామూలుగా.
"ఇది పనిచెయ్యాలంటే వాడు నీ చేతికందాలి.
అంత దగ్గరికి ఎందుకు రానిస్తావు?
ఎదురు కొట్లో బూట్లున్నాయి, చూసుకో."

నాకు తెలియని సంగతా?
క్యాజువాలిటీలో ఆరేళ్లుగా దూది పట్టుకున్నదాన్ని.
పోటు తిన్నవాళ్లకే కాదు
పొడిచినవాళ్లకీ కట్లు కట్టాను.
నెత్తురు తగిలితే పిడి సబ్బుబిళ్ల,
వేళ్లు జారి జారి అంచు మీదికే పోతాయి.
మొన్న మింట్ వీధి కుర్రాడు, బొటనవేలు ఇంక వంగదు,
"నేనే గెలిచానక్కా" అన్నాడు
కుట్లు లెక్కపెట్టుకుంటూ.

కరెంటు పోయినా నరం దొరకబుచ్చుకునే చెయ్యి నాది.
గుచ్చేముందు
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనడం అలవాటు.
వాడికీ అంటానేమో.

అయినా కొన్నాను. నూట ఎనభై.
కాగితంలో చుట్టి, పురికొసతో
ఎన్ని ముళ్లు వేశాడంటే
విప్పడానికి ఇంకో కత్తి కావాలి.

ఆ రాత్రి గదిలో సర్గుణం 'వాడు' అయింది.
వంటగది గుమ్మం దాకా వెనక్కి నడిచి
గరిటె పట్టుకుని "వస్తున్నా" అంది.
మొదటిసారి జిప్పు ఇరుక్కుంది.
రెండోసారి టిఫిన్ డబ్బా చేతికొచ్చింది.
మూడోసారి కత్తే వచ్చింది, మూసుకునే ఉంది,
అప్పటికి గరిటె నా గొంతు మీద.
నవ్వీ నవ్వీ ఇద్దరం నేల మీద కూలబడ్డాం.
తర్వాత చాలాసేపు
లైటు ఆర్పడానికి ఎవరమూ లేవలేదు.

మర్నాడు డ్యూటీ దిగి
సెంట్రల్ మెట్రోలో సంచి బెల్టు మీద పెడితే
నా బతుకంతా తెర మీద, నారింజ రంగులో:
మిగిలిన చపాతీ, దువ్వెన, నెలసరి గుడ్డ,
మధ్యలో నీలంగా, చేపపిల్లలా, అది.
"ఇది లోపలికి రాదక్కా" అంది తమిళంలో గార్డు పిల్ల.
మళ్లీ గొంతు తగ్గించి,
"నా దగ్గరా ఉండేది."

రైల్లో వెలుతురుంది, కెమెరాలున్నాయి,
నలుగురు ఆడవాళ్లుంటారు.
నాకు రైలంటే భయమా?
దిగాక, వాషర్‌మన్‌పేటలో
మూతపడ్డ గోడౌన్ల వెంట పన్నెండు నిమిషాలు.
ఆ పన్నెండు నిమిషాలకి కత్తి కావాలంటే
రైలు వదులుకోవాలి,
రైలు వదిలితే వంతెన కిందుగా గంట నడక.
ఇంతకీ కొన్నది నాకు కాపలా కాయడానికా,
నాచేత కాయించుకోవడానికా?

మెట్ల దగ్గర పూలమ్మే కన్నియమ్మకి ఇచ్చేశాను.
ఇప్పుడది అరటినార కోస్తోంది,
ఎర్ర పిడి పసరుకి నల్లబడింది.
"మొండిది అంటగట్టావే" అని రోజూ తిడుతుంది,
తిట్టి, జానెడు మల్లె ఎక్కువేస్తుంది.

పన్నెండు నిమిషాలు మాత్రం
ఎక్కడికీ పోలేదు.
మూడో గోడౌన్ దగ్గర దీపం మళ్లీ ఆరిపోయింది,
కార్పొరేషన్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను.
చెవి దగ్గర సర్గుణం, "ఎక్కడున్నావ్?"
రెండో షట్టరు, అంటాను.
మూడు, అంటాను.
నాలుగు అనేలోపు కుడి చెయ్యి
దానంతటదే సంచిలోకి పోయి
లేని పిడి చుట్టూ బిగుసుకుంటుంది.